ఎనిమిదడుగుల వేదిక మీద లేడీ బ్రైట్

ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. డబుల్ కాట్ ఒకటి వేస్తే సగానికి పైగా నిండిపోయే జాగా. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో, కార్నీలియా స్ట్రీట్ 31వ నంబరు భవనం కింది భాగంలో ‘కెఫే చీనో’ అని ఒక కాఫీ హోటలు ఉండేది. అందులోని వేదిక కొలత అది. పాల పెట్టెలు పేర్చి, పైన కార్పెట్ తుండుముక్కలు పరిచి కట్టుకున్నది. 1964 మే నెలలో దాని మీద ‘ది మ్యాడ్‌నెస్ ఆఫ్ లేడీ బ్రైట్’ అనే నాటిక మొదలైంది. రాసింది లాన్‌ఫర్డ్ విల్సన్. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. ఒక హోటల్లో గదుల రిజర్వేషన్ల దగ్గర ఉద్యోగం చేస్తూ, అక్కడ తనతో పనిచేసే ఒకతన్ని చూసి ఈ పాత్రను అల్లుకున్నాడు.

స్వలింగ ప్రేమికుణ్ణి కథకు మధ్యలో నిలబెట్టిన తొలి అమెరికన్ నాటకాల్లో ఒకటిగా దీన్ని చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ లెక్కతో పేచీ లేదు. అయితే ‘తొలి’ అనే కిరీటం పెట్టాక ఇక నాటికను ఎవరూ దగ్గరికెళ్ళి చూడరు. సాహసానికి చప్పట్లు కొట్టి ముందుకు వెళ్ళిపోతారు. నాటిక చదువుతున్నప్పుడు సాహసం కన్నా ముందు నన్ను పట్టుకున్నది పనితనం. ఇంత తక్కువ జాగాలో, ఇంత తక్కువ సామానుతో, చట్టం వద్దన్న మనిషిని తెచ్చి ప్రేక్షకుడి మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టడం ఎలా కుదిరింది? ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికి.

ముందు ఆ హోటలు గురించి. జో చీనో బఫెలో నగరం నుంచి వచ్చినవాడు. ఇటాలియన్ కుటుంబం. డాన్సరు కావాలనుకున్నాడు, శరీరం సహకరించలేదు. 1958 డిసెంబరులో కాఫీ హోటలు తెరిచినప్పుడు అతని మనసులో ఉన్నది స్నేహితులు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు మాత్రమే. గోడల మీద బొమ్మలు పెట్టుకోవచ్చు, కవిత్వం చదువుకోవచ్చు, పాట పాడుకోవచ్చు. నాటకం వెనక గుమ్మంలోంచి వచ్చింది. మొదట ఎవరో సన్నివేశాలు చదివారు, తర్వాత ఎవరో లేచి నటించారు, కొన్నాళ్ళకు వారానికొక కొత్త నాటిక పడే చోటయింది. స్క్రిప్టు చదవకుండానే, రాసినవాడి ముఖం చూసి తేదీ ఇచ్చేవాడని జో చీనోకు పేరు. ఆట అయ్యాక బుట్ట తిప్పేవాళ్ళు. అందులో పడిన చిల్లరే నటుల జీతం. గోడలనిండా పోస్టర్లు, ఫొటోలు, తళుకు కాగితాలు, ఏడాది పొడవునా వెలుగుతుండే క్రిస్మస్ బల్బులు. ఒక మూల కాఫీ యంత్రం బుసకొడుతుంటే ఇంకో మూల డైలాగు నడుస్తుండేది. శామ్ షెపర్డ్, జాన్ గ్వేర్, టామ్ ఐయెన్, విలియం హాఫ్‌మన్ లాంటివాళ్ళు పేరు రాకముందు ఇక్కడ ఆడించుకున్నవాళ్ళే. విల్సన్ కూడా న్యూయార్క్ వచ్చిన కొత్తలో ఇక్కడ అయొనెస్కో రాసిన ‘ది లెసన్’ చూసి, నాటకం అంటే ఇలా ఉండొచ్చా అని ఆశ్చర్యపోయి, కాగితం కలం పట్టుకున్నాడు. 1963లో అతని మొదటి నాటిక ఇక్కడే పడింది.

ఇక చట్టం. 1927 ఫిబ్రవరిలో న్యూయార్క్ పోలీసులు ఒకే రాత్రి మూడు నాటకాల మీద దాడి చేశారు. వాటిలో ఒకటి ‘ది క్యాప్టివ్’. ఒక స్త్రీ మరో స్త్రీని ప్రేమించడం గురించి ఫ్రెంచి రచయిత బూర్దే రాసిన నాటకం అది, మర్యాదస్తుల బ్రాడ్‌వేలోనే ఆడుతోంది. మరొకటి మే వెస్ట్ నాటకం ‘సెక్స్’. ఆమెను జైలుకు పంపారు. మగవాళ్ళ మధ్య ప్రేమ గురించి ఆమె రాసిన ‘ది డ్రాగ్’ అసలు బ్రాడ్‌వే మొహమే చూడలేదు. ఆ ఏడాదే రాష్ట్ర శాసనసభ ఒక చట్టం తెచ్చింది. ‘లైంగిక వక్రత’ను వేదిక మీద చూపిస్తే నటుల్ని, నిర్మాతల్ని అరెస్టు చేయడమే కాదు, థియేటరుకు ఏడాదిపాటు తాళం వేయొచ్చు. దానికి జనం పెట్టిన పేరు కూడా తాళం చట్టమే. అది 1967 వరకు పుస్తకాల్లో ఉంది.

ఈ చట్టం ఎవరిని భయపెడుతుందో ఆలోచించండి. హాలు కట్టినవాణ్ణి, పెట్టుబడి పెట్టినవాణ్ణి, వెయ్యి కుర్చీలున్నవాణ్ణి. జో చీనో దగ్గర తాళం వేయడానికి ఏముంది? ఒక కాఫీ యంత్రం, కొన్ని ఇనప కుర్చీలు. వినోద ప్రదర్శనలకు కావలసిన లైసెన్సు కూడా లేదు. పోలీసులు వస్తే చేతిలో ఏదో పెట్టి పంపేవాడు. పెద్ద రంగస్థలం మూడున్నర దశాబ్దాల పాటు సైగలతో, గుసగుసలతో, చివరి అంకంలో ఆత్మహత్యలతో దాటవేసిన సంగతిని ఈ కాఫీ హోటలు దాచకుండా మాట్లాడగలిగింది. పోగొట్టుకునేందుకు ఏమీ లేకపోవడమే కారణమని నా ఉద్దేశం. డోరిక్ విల్సన్ అనే మరో రచయిత 1961లోనే ఆస్కార్ వైల్డ్ విచారణను గుర్తుచేసే నాటకం ఇక్కడ ఆడించాడు. లేడీ బ్రైట్ ఆ దారిలో వచ్చినదే.

ఇప్పుడు నాటికలోకి వద్దాం. ఎండాకాలం మధ్యాహ్నం. అద్దెగది. మంచం, అద్దం, టెలిఫోను. లెస్లీ బ్రైట్‌కు నలభై దాటబోతున్నాయి. ఒకప్పుడు అందగాడు. ఆడవేషానికి, ఆడతనపు ఒయ్యారానికి అలవాటు పడ్డవాడు. ఆ అందం ఇప్పుడు చేతిలోంచి జారిపోతోందని అతనికి తెలుసు, అద్దానికీ తెలుసు. ఫోను తీసి స్నేహితులకు తిప్పుతాడు. ఎవరూ ఎత్తరు. చివరకు దొరికేది ప్రార్థన వినిపించే నంబరు, అది కూడా రికార్డు చేసిన గొంతు. గది గోడ మీద సంతకాలున్నాయి. ఆ గదికి వచ్చి వెళ్ళిన మగవాళ్ళు పెట్టినవి. వాటిని చదువుకుంటూ, మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ లెస్లీ సుమారు ముప్పావు గంటలో మతి తప్పేదాకా వెళ్తాడు. కథ ఇంతే.

కథ ఇంతే గనక మొత్తం భారం పనితనం మీద పడింది. మొదట టెలిఫోను చూద్దాం. వేదిక మీద ఒంటరి మనిషిని మాట్లాడించడం రచయితకు ఎప్పుడూ ఇబ్బందే. స్వగతం పెడితే పాతవాసన. ప్రేక్షకులతో నేరుగా మాట్లాడిస్తే ఒంటరితనం పోతుంది, ఎదురుగా వందమంది వింటున్నారు కదా. ఫోను పెడితే రెండూ తప్పుతాయి. 1930లో ఫ్రెంచివాడు కాక్టో ‘మానవ స్వరం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక స్త్రీ, ఒక ఫోను పెట్టి మొత్తం నాటకం నడిపాడు. అయితే కాక్టో నాటకంలో తీగకు అవతలి కొసన ప్రియుడున్నాడు. వదిలేసి పోతున్నా వింటున్నాడు. విల్సన్ అవతలి మనిషిని తీసేశాడు. ఇక్కడ ఫోను మాట్లాడటానికి కాదు, మాట్లాడేవాళ్ళు లేరని ప్రేక్షకుడికి చెవిలో పదేపదే మోగించడానికి. ప్రార్థన నంబరు దగ్గర మొదట నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే ప్రేక్షకుడికి అర్థమవుతుంది, ఈ మనిషికి ఈ మధ్యాహ్నం బదులు పలికిన ఏకైక గొంతు అదేనని. ఒక్క వస్తువుతో హాస్యం, విషాదం రెండూ పుట్టించి, వాటి మధ్య ఊపిరి పీల్చుకునే విరామం కూడా ఇవ్వని నేర్పు అది.

రెండోది, నాటికలో మిగిలిన ఇద్దరు. వాళ్ళకు పేర్లు లేవు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. గదిలో ఉంటారు గానీ గదికి రారు. లెస్లీ జ్ఞాపకంలోని మనుషులుగా మారతారు, అతని మనసులోని గొంతులవుతారు, ఒకసారి ఊరడిస్తారు, మరోసారి వెక్కిరిస్తారు, ఇంకోసారి అతని గురించి అతను వింటుండగానే తమలో తాము మాట్లాడుకుంటారు. పరిషత్తు నాటికల్లో గతాన్ని చూపించాలంటే మనవాళ్ళు లైటు మార్చి, నటుణ్ణి పక్కకు నడిపించి, సంగీతం వేసి, అవస్థ పడతారు. విల్సన్‌కు పక్కకు నడిపించే జాగా లేదు. అందుకని గతాన్ని ఇద్దరు మనుషుల్లో పోసి మంచానికి అటూ ఇటూ పెట్టాడు. లెస్లీ తల తిప్పితే ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళినట్టు. ఎనిమిదడుగుల వేదిక ఇచ్చిన ఉపాయం ఇది. పెద్ద వేదిక ఉండుంటే ఇలా తట్టేదని నేననుకోను.

ఈ ఇద్దరినీ చదువుతుంటే భామాకలాపంలో మాధవి గుర్తొచ్చింది. సత్యభామను ప్రశ్నలడిగి, ఆటపట్టించి, రెచ్చగొట్టి, ఆమె విరహాన్ని బయటికి లాగేది మాధవి. ఆ పాత్ర వేసేది సూత్రధారుడు. అంటే ఒకే మనిషి చెలికత్తె, విదూషకుడు, కథ నడిపేవాడు కూడా. విల్సన్‌కు కూచిపూడి తెలిసుంటుందని కాదు. ఒంటరి నాయిక లోపలి మాటను బయటపెట్టాలంటే పక్కన ఒక కొంటె గొంతు కావాలని రెండు వేర్వేరు నేలల మీద పనివాళ్ళు కనిపెట్టారంతే. తేడా ఎక్కడంటే మాధవి చివరకు సత్యభామ లేఖ పట్టుకుని కృష్ణుడి దగ్గరికి వెళ్తుంది. లెస్లీ పక్కనున్న ఇద్దరూ ఎక్కడికీ వెళ్ళరు. లేఖ తీసుకోవలసినవాడు లేడు.

ఇక్కడే మన పాఠకుడికి ఇంకో సంగతి చెప్పాలి. మగవాడు ఆడవేషం వేయడం మనకు వింత కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తే ఆడవాళ్ళు ఆ నడక నేర్చుకున్నారని చెప్పుకుంటాం. ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేదాంతం సత్యనారాయణశర్మను చూసి మురిసిపోయాం. వాళ్ళది కళ. చీర, జడ, నగ తీసేశాక ఇంటికెళ్ళి మగవాళ్ళుగా భోంచేశారు. సమాజం వాళ్ళను మెచ్చుకోవడానికి ఆ తీసేయడం కూడా ఒక కారణం. లెస్లీకి తీసేయడానికి వేషం లేదు. ఆ చెయ్యి తిప్పడం, ఆ మాట సాగదీయడం అతనివే. విల్సన్ ఆ పాత్రను ఏ క్షమాపణా చెప్పకుండా అచ్చంగా రాశాడు. సంభాషణల్లో ఆ రోజుల న్యూయార్క్ గే స్నేహితులు తమలో తాము మాట్లాడుకునే భాష ఉంది. ఒకరినొకరు ఆడపేర్లతో పిలుచుకోవడం, నిమిషానికొక చురక, తనమీద తానే వేసుకునే జోకు. బయటివాడికి అది సరదాగా వినబడుతుంది. నాటిక సాగేకొద్దీ ఆ జోకులు కవచం పనిచేస్తున్నాయని, ఒక్కొక్కటే ఊడిపోతోందని తెలుస్తుంది. మొదటి పావుగంటలో కడుపుబ్బ నవ్వించిన మాటల ధోరణే చివర్లో వినబడితే నవ్వు రాదు. మాట మారలేదు, దాని కింద ఉన్న నేల కుంగింది. నాటికలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే.

సంతకాల గోడ గురించి ఒక మాట. మామూలు రచయిత అయితే లెస్లీ చేత పాత ప్రేమల్ని కథలుగా చెప్పించేవాడు. విల్సన్ పేర్లు మాత్రమే ఇచ్చాడు. పేరు చదవగానే కొన్నిటికి ఒక ముక్క గుర్తొస్తుంది, కొన్నిటికి ముఖం కూడా గుర్తురాదు. ఆడం అనే పేరు దగ్గర మాత్రం గొంతు మారుతుంది. ప్రేమకూ వచ్చిపోవడానికీ తేడాను ఉపన్యాసం లేకుండా, ఒక జాబితా చదివించి చెప్పాడు. పైగా గోడ ఎప్పుడూ వేదిక మీదే ఉంటుంది. జోకు నడుస్తున్నా, మౌనం నడుస్తున్నా, వచ్చి వెళ్ళిపోయినవాళ్ళ చేతిరాత వెనక కనబడుతూనే ఉంటుంది. ముగింపులో మతి చెదిరిన లెస్లీ తనను ఇంటికి తీసుకెళ్ళమని కనబడని ఎవరినో బతిమాలుకుంటాడు. ఉన్నది సొంత గదిలోనే. ఆ విడ్డూరాన్ని రచయిత ఎత్తిచూపడు. చూసేవాడు చూసుకోవాలి.

మొదటి ప్రదర్శనకు డెనిస్ డీగన్ దర్శకుడు, లెస్లీగా నీల్ ఫ్లానగన్. చీనోలో నాటిక సాధారణంగా వారం రెండు వారాలాడి దిగిపోయేది. ఇది మళ్ళీ మళ్ళీ వేయమని అడిగించుకుని 200 ప్రదర్శనలు దాటింది. అక్కడి లైట్ల మనిషి జానీ డాడ్ గుప్పెడు బల్బులతో ఏమైనా చేయగలడని పేరు. అంత చిన్నచోట నటుడికి దాక్కునే వీలుండదు. మన సురభి నాటకాల్లో మాయ అంతా తెరల్లో, తీగల్లో, దూరంలో ఉంటుంది. చీనోలో దూరమే లేదు. ముందు బల్ల దగ్గర కూర్చున్నవాడికి నటుడి చెమట కనిపిస్తుంది. ముఖానికి పూసుకున్న రంగు ఎండాకాలపు వేడికి కరిగే మనిషి కథకు అంతకన్నా తగిన చోటు దొరకదు.

లోపాలు లేవా? ఒకటుంది, చిన్నది కాదు. 1964లో అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలో పెట్టి ఉంచింది. 1973లో గానీ తీయలేదు. అలాంటి కాలంలో ఒక గే మనిషి పిచ్చివాడైపోయే నాటికకు పేరులోనే పిచ్చి పెట్టడం ఏమిటని తర్వాతి తరం అడిగింది. ఏడ్చే గే, ఒంటరి గే, చివరకు కూలిపోయే గే, ఇవే బొమ్మలు ఎన్నాళ్ళు? ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఒక్కటి: లెస్లీని పిచ్చివాణ్ణి చేసేది అతను మగవాళ్ళను ప్రేమించడం కాదు, ఫోను ఎత్తేవాళ్ళు లేకపోవడం. నాటికలో ఎక్కడా అతను తన కోరికకు సిగ్గుపడడు. ముసలితనానికి భయపడతాడు. ఆ భయం అందరిదీ. అయినా ఈ తేడా చదివేటప్పుడు దొరికినంత స్పష్టంగా, అజాగ్రత్తగా ఆడిన ప్రదర్శనలో దొరక్కపోవచ్చని ఒప్పుకుంటాను.

దీనికి మంచి జవాబు అదే వేదిక మీద అదే ఏడాది చివర్లో వచ్చింది. చీనోలో తలుపు దగ్గర నిలబడే రాబర్ట్ పాట్రిక్ ‘ది హాంటెడ్ హోస్ట్’ రాశాడు. తను స్క్రిప్టు ఇస్తే జో దాన్ని చెత్తబుట్టలో పడేశాడని, నాటక రచయితలు మంచివాళ్ళు కారు, నీకెందుకు ఆ పని అన్నాడని, విల్సన్ మరికొందరు కలిసి ‘అతని నాటకం వేయకపోతే మావీ వేయొద్దు’ అని పట్టుబట్టారని పాట్రిక్ తర్వాత చెప్పుకున్నాడు. అందులో చనిపోయిన ప్రియుడి దెయ్యం పట్టిన రచయిత దగ్గరికి, అచ్చు ఆ ప్రియుడిలాగే ఉన్న కుర్రాడొకడు వస్తాడు. రచయిత అతన్ని, దెయ్యాన్ని ఇద్దరినీ పంపించేసి తన బతుకు తను బతుకుతాడు. ఏడుపు లేదు, పిచ్చి లేదు. లేడీ బ్రైట్ కన్నా తెలివైన నాటకమా అంటే చెప్పలేను, ధీమా ఉన్న నాటకం. పనితనంలో మాత్రం విల్సన్‌దే పైచేయి. పాట్రిక్ మాటల్లో మెరుపు ఎక్కువ, మౌనం తక్కువ.

చీనో కథ బాగా ముగియలేదు. 1965 మార్చిలో అగ్నిప్రమాదం జరిగి హోటలు కాలిపోయింది. నాటకాలవాళ్ళు సహాయ ప్రదర్శనలు వేసి నిలబెట్టారు. 1967 జనవరిలో జో జీవిత సహచరుడు, ఆ హోటలు కరెంటు పనులు చూసిన జాన్ టోరీ ప్రమాదంలో చనిపోయాడు. జో తట్టుకోలేక మార్చి చివర్లో తనను తాను కత్తితో గాయపరుచుకున్నాడు. ఏప్రిల్ 2న ఆసుపత్రిలో పోయాడు. ముప్పై అయిదేళ్ళు. మరుసటి ఏడాది హోటలు మూతపడింది. అక్కడికి కాలినడక దూరంలో ఉన్న స్టోన్‌వాల్ బారులో గే ప్రజలు పోలీసులకు ఎదురుతిరిగిన 1969 జూన్ రాత్రి వచ్చేసరికి చీనో లేదు. విల్సన్ మాత్రం ఎదిగాడు. సర్కిల్ రెపర్టరీ అనే నాటక సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు, 1980లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు, 2011లో కన్నుమూశాడు. 31, కార్నీలియా స్ట్రీట్ భవనాన్ని 2019లో న్యూయార్క్ నగరం చారిత్రక కట్టడంగా ప్రకటించింది.

ఈ నాటిక తెలుగులోకి రావాలని నా కోరిక. కావలసింది ముగ్గురు నటులు, ఒక మంచం, ఒక ఫోను. పరిషత్తు పోటీలకు కావలసిన నిడివి ఇంచుమించు సరిపోతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో చిన్న గదుల్లో నాటకాలు వేసే యువబృందాలు ఇప్పుడున్నాయి. హక్కుదారుల అనుమతి తీసుకుని ఎవరైనా పూనుకుంటే బాగుంటుంది. పూనుకునేవాళ్ళకు రెండు మాటలు. పెద్ద హాలు బుక్ చేయకండి, నలభై యాభైమంది కన్నా ఎక్కువమందిని రానివ్వకండి. ఇక లెస్లీ వేషం కట్టే నటుడు మన సినిమాల్లో ఏళ్ళ తరబడి నవ్వుల కోసం వాడుకున్న ఆడంగి వేషాలను పూర్తిగా మరిచిపోయి రావాలి. మొదటి పావుగంట నవ్వు లెస్లీ చతురతకు రావాలి, అతని నడకకు కాదు. నటుడు ఆ ఒక్క తేడా పట్టుకోలేకపోతే నాటిక వేయకపోవడమే మంచిది.